ది మ్యాడ్‌క్యాప్ లాఫ్స్: సిడ్ బారెట్ తొలి సోలో ఆల్బమ్

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వ్యవస్థాపకులలో ఒకరైన గాయకుడు, గీత రచయిత సిడ్ బారెట్ ఆ బృందాన్ని వీడిన తరువాత వెలువరించిన తొలి సోలో ఆల్బమ్ ‘ది మ్యాడ్‌క్యాప్ లాఫ్స్’. 1970 జనవరిలో హార్వెస్ట్ సంస్థ దీనిని విడుదల చేసింది.

పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ (1967)లోని పాటలలో అధికభాగం బారెట్ రచనలే. మానసిక స్థితి క్షీణించి, కచేరీలలో పాల్గొనడమే కష్టమైన దశలో 1968లో ఆయన బృందానికి దూరమయ్యారు. అదే ఏడాది మొదలైన సోలో రికార్డింగు నిర్మాతల చేతులు మారుతూ సాగింది. దానిని చివరకు పూర్తి చేసినవారు పాత సహచరుడు రోజర్ వాటర్స్, బృందంలో బారెట్ స్థానాన్ని భర్తీ చేసిన బాల్యమిత్రుడు డేవిడ్ గిల్మోర్ కావడం విశేషం.

బారెట్ లయ నిలకడగా ఉండేది కాదు. ఆయన ముందే పాడిన కొన్ని పాటలకు సాఫ్ట్ మెషీన్ బృంద సభ్యులు తరువాత వాద్యాలు జోడించవలసి వచ్చింది. అందుకే కాబోలు, ‘డార్క్ గ్లోబ్’ వంటి కేవలం గొంతు, అకూస్టిక్ గిటారు వినిపించే పాటలే ఇందులో బలమైనవి. ‘గోల్డెన్ హెయిర్’కు జేమ్స్ జాయిస్ కవిత ఆధారం.

‘ఇఫ్ ఇట్స్ ఇన్ యూ’లో బారెట్ స్వరం తప్పి ఆగిపోవడం, తిరిగి మొదలుపెట్టడం యథాతథంగా ఉంచారు. ఆయన బలహీనతను అలా బయటపెట్టడాన్ని తొలిదశ నిర్మాత మాల్కమ్ జోన్స్ తప్పుపట్టారు. వినేవారికి నేటికీ అది ఇబ్బంది కలిగించే ఘట్టమే.

ఆల్బమ్ బ్రిటన్ జాబితాలో 40వ స్థానానికి చేరింది. అదే ఏడాది నవంబరులో రెండవ ఆల్బమ్ ‘బారెట్’ వెలువడింది. ఆపై 2006లో కేంబ్రిడ్జ్‌లో మరణించేవరకు ఆయన మరో కొత్త ఆల్బమ్ చేయలేదు.