ఒంగోలు గిత్త వంశావళి

సికిందరాబాదుకు ఉత్తరాన, సైనికావాసాల అంచున ఉన్న యాప్రాల్‌లో నాకొక మిత్రుడున్నాడు. ఈ మధ్య ఆయన ఇంటికి ఒక పెర్షియన్ పిల్లి వచ్చింది. దాని వెంట ఒక వంశపత్రమూ వచ్చింది. తల్లిదండ్రులు మొదలు ముత్తాతల వరకు పేర్లన్నీ అందులో వరుసగా ఉన్నవి. “మా ముత్తాతగారి పేరు నాకు తెలియదండీ, ఈ పిల్లిగారి ముత్తాత పేరు మాత్రం కంఠస్థమయింది” అని ఆయన నవ్వారు. నేను ఆ పత్రాన్ని కొంత శ్రద్ధగా చూచాను. ఒక పేరు రెండుచోట్ల కనిపించింది. తల్లివైపు తాత, తండ్రివైపు తాత ఒక్కరే!

తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మేనరికాలు మనకు కొత్తవి కావు. మేనమామ మేనకోడలిని పెండ్లాడితే పుట్టే బిడ్డలో, ఏ లక్షణానికి సంబంధించిన జన్యువు జంటయైనా ఒకే పూర్వికుని నుండి రెండుదారుల వచ్చి కలిసే అవకాశం ఎనిమిదింట ఒక వంతు, అనగా నూటికి 12.5. ఆ పిల్లికీ సరిగా అంతే. మేనత్త, మేనమామ బిడ్డల పెండ్లి అయితే అందులో సగం, నూటికి 6.25. ఒంటిగా ఉన్నంతకాలం అణగి ఉండే దోషం, జంట కుదిరిననాడు బయటపడుతుంది. హాల్డేన్ మహాశయుడు 1957లో భారతదేశానికి వచ్చిన తరువాత, ఆయన శిష్యుడు, మన ద్రోణంరాజు కృష్ణగారు ఆంధ్రదేశపు మేనరికాలను పరిశీలించి వ్యాసాలు వ్రాసింది ఈ ప్రశ్నను గూర్చియే.

పెర్షియన్ పిల్లి కథ క్లుప్తంగా చెప్పవచ్చు. 1871 జులై 13న లండనులోని క్రిస్టల్ పాలెస్‌లో హారిసన్ వియర్ పెద్ద పిల్లుల ప్రదర్శన జరిపించిన తరువాత, అందానికి కొలతలు ఏర్పడినవి. కొలతలకు తగిన పిల్లులనే మళ్ళీ మళ్ళీ జత కలుపసాగారు. ముఖం చదునైనకొద్దీ బహుమతి దగ్గరైంది, ఊపిరి కష్టమయింది. ఆ జాతిలో మూత్రపిండాలలో నీటితిత్తులు పెరిగే వ్యాధి ఒకటి వ్యాపించి, అనేక దేశాలలో మూడింట ఒక పిల్లి వరకు సోకింది. దానికి కారణమైన జన్యుదోషాన్ని 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఇది అణగి ఉండే రకం కాదు. తల్లిదండ్రులలో ఒక్కరి నుండి వచ్చినా చాలు. అందుచేతనే ఒక్క పరీక్షతో దానిని వంశం నుండి తొలగించడం కూడా సాధ్యమే.

పత్రాలు లేని కాలంలో మన పల్లెలు ఈ పనిని ఎట్లా నిర్వహించినవి? ఒంగోలు, కందుకూరు, నరసరావుపేట, వినుకొండ ప్రాంతాల రైతుల నడుగవలసిన ప్రశ్న ఇది. తెల్లని మేను, నిండైన మూపురం, వ్రేలాడే గంగడోలు గల ఒంగోలు జాతి అక్కడిదే. ఇంటి పెద్ద గతించినప్పుడు వృషోత్సర్గం చేసి, ఒక కోడెను అచ్చువేసి దేవుని పేర వదలిపెట్టే ఆచారం ఉండేది. పుణ్యం పరలోకానికి సంబంధించినదైనా, కోడెను ఎంచడంలో మాత్రం లోకజ్ఞానం మెండుగా ఉండేది. ఏ ఆవు బిడ్డ, ఆ ఆవు పాడి ఎంత, నడక ఎట్టిది, గిట్టలు గట్టివా అని ఊరి పెద్దలు విచారించేవారు. అవకరం గల కోడెను దేవునికి వదలడం తప్పుగా ఎంచేవారు. అట్లా వదిలిన ఆంబోతు ఎవరి సొత్తూ కాదు. చేను మేసినా కొట్టేవారు లేరు. దానికి ఊరి పొలిమేరలు తెలియవు. ఒక మంద రక్తం మరొక మందలో కలియడానికి ఆ తిరుగుడే తోడ్పడిందని నా ఊహ. మద్రాసు ప్రభుత్వ పశుశాఖలో పనిచేసిన లిటిల్‌వుడ్ దక్షిణ భారత పశుసంపదను గూర్చి 1936లో వెలువరించిన గ్రంథంలో ఈ జాతికి సముచిత స్థానమే ఇచ్చాడు.

ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లాలో చేరేవరకు నెల్లూరు జిల్లాలోనిదే. కాబట్టి సముద్రాలు దాటిన ఈ పశువుకు నెల్లూరు పేరే నిలిచి, బ్రెజిల్‌లో అది ‘నెలోర్’ అయింది. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగినప్పుడు, అందులోని రెండు పశువులు అక్కడ అమ్ముడుపోయినవని చెబుతారు. 1878లో లెంగ్రూబర్ అనే భూస్వామి హాంబుర్గ్ జంతుప్రదర్శనశాల నుండి ఒక జంటను కొన్నాడు. 1938లో అక్కడ వంశావళి పుస్తకం తెరిచారు. చివరి పెద్ద దిగుమతులు 1960, 1962 సంవత్సరాలలో జరిగినవి. ఆ పశువులను ముందుగా ఫెర్నాండో ది నొరోన్యా ద్వీపంలో ఉంచి, రోగాలు లేవని తేలిన తరువాతనే ప్రధానభూమికి చేర్చారు. వచ్చిన ఆబోతుల పేర్లు విన్నారా? కర్వడి, చెకురుపడు, గోదావరి, ఆకాశము! ఒంగోలు దాపున ఉన్న కరవది, చేకూరుపాడు గ్రామాలు పోర్చుగీసు నోళ్ళలో అట్లా నలిగినవి.

ఆ దేశంలో ఉన్న ఇరవై కోట్లకు పైబడిన పశువులలో అధికభాగానికి నెలోర్ రక్తసంబంధం ఉన్నది. ఇది మనకు గర్వకారణమే. కాని అక్కడి శాస్త్రజ్ఞులు వంశావళి పుస్తకాలను తిరగవేసినప్పుడు, ఆ మహాసముద్రంలోకి నీరు తెచ్చిన వాగులు బహుకొద్ది అని తేలింది. కర్వడి వంటి ఏ కొద్ది ఆబోతుల పేర్లో పదేపదే కనిపిస్తవి. 1949లో ఇంగ్లండులో గ్లిజరిన్ సాయంతో వీర్యాన్ని గడ్డకట్టించి నిలువచేసే పద్ధతి కనిపెట్టిన తరువాత, ఒక్క ఆబోతు వేల దూడలకు, మరణించిన తరువాత కూడా, తండ్రి కాగలుగుతున్నది. గుణం ఎంత వేగంగా వ్యాపిస్తుందో, దాగిన దోషమూ అంతే వేగంగా వ్యాపిస్తుంది. తలలు లెక్కపెడితే కోట్లు. పూర్వికులను లెక్కపెడితే పిడికెడు.

ఇక్కడ పుట్టింటి సంగతి వేరు. ట్రాక్టరు వచ్చి కాడిని దించింది. పాలకోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు వచ్చినవి. గుంటూరు వద్ద లాం, ప్రకాశం జిల్లాలో చదలవాడ క్షేత్రాలు మేలుజాతి మందలను కాపాడుతూ వచ్చినవి. బ్రెజిల్‌కు పోని వంశాలు ఏవైనా మిగిలి ఉంటే, అవి ఆ పల్లెలలోనే ఉండాలి. ఒక రైతు తన చివరి ఒంగోలు ఆవును అమ్ముకొన్నప్పుడు ఏ వాగు ఎండిపోయిందో చెప్పడానికి ఏ పుస్తకమూ లేదు.

చిత్తూరు సీమలోని పుంగనూరు పొట్టి ఆవుది ఇంకొక గాథ. మూడడుగుల ఎత్తుకు మించని ఈ జాతి అంతరించే దశకు వచ్చినప్పుడు పలమనేరు పరిశోధనకేంద్రపు మందయే ప్రధానాధారమయింది. చిన్న మందలో బంధువులు గాక జత ఎక్కడ దొరుకుతుంది? 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి ఈ ఆవులకు మేత తినిపించిన ఛాయాచిత్రాలు దేశమంతటా ప్రచురితమయినవి. గిరాకీ పెరిగింది, ఇంటి ముంగిట ముచ్చటకు పెంచేవారు ఇంకా పొట్టి దూడ కావాలంటున్నారు. చదునైన ముఖం కోసం పెర్షియన్ పిల్లి పడిన అవస్థ నాకు జ్ఞప్తికి వచ్చేది ఇక్కడనే. పొట్టివాటిలో పొట్టివాటినే ఏరి జత కలిపితే, పాలు, ఈత, ఆయుస్సు ఏమవుతవో కొలిచేవారెవరు?

యాప్రాల్ మిత్రునికి ఇదంతా ఒక సాయంకాలం చెప్పాను. ఆయన వంశపత్రాన్ని మళ్ళీ తెచ్చి, కళ్ళజోడు సవరించుకొని, పైనుండి క్రిందికి చదివారు. బిరుదులున్నవి, రంగులున్నవి, పుట్టిన తేదీలున్నవి. తల్లికి గాని తండ్రికి గాని మూత్రపిండాల పరీక్ష జరిగిందో లేదో తెలిపే గడి మాత్రం లేదు. మరునాడే అమ్మినవారికి ఆయన ఉత్తరం వ్రాశారు. పిల్లి ఆ బల్లమీదనే పడుకొని నిద్రపోతున్నదట.