నీటి సీమలో విద్యుత్తు: ఒక శతాబ్దపు పాఠం

కోనసీమ నీటితో పుట్టిన సీమ. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి నీటిని కాలువల్లోకి మళ్లించింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కట్టిన అక్విడక్టు ఆ నీటిని రాజోలు వైపు లంకలకు చేర్చింది. ఆనాడు నీటిని పొలానికి ఎత్తినవి ఏతాలు, గూడలు. వాటివల్ల నడుము నొప్పి పుట్టేదేమో గాని గుండె ఆగేది కాదు.

విద్యుత్తు తరువాత వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఉత్పత్తి మొదలైంది. 1959లో రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. క్రమంగా కొబ్బరితోటల్లోకి మోటార్లు వచ్చాయి. 1990ల నాటికి తీరగ్రామాల్లో వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభించాక చెరువుల్లో ఏరియేటర్లు రేయింబవళ్లు తిరగసాగాయి. ఇటీవల అమలాపురం, కొత్తపేటల్లోని కొత్త ఇళ్ల ముంగిళ్లలో తామరతొట్లు, రంగుదీపాల ఫౌంటెన్లు కూడా వెలిశాయి. ఆ విధంగా నీరూ కరెంటూ ఒకే గట్టు మీద కాపురం పెట్టాయి.

ఈ కలయికలోని ప్రమాదాన్ని వైద్యశాస్త్రం ఒక్కరోజులో గ్రహించలేదు. 1879లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఒక రంగశాల వడ్రంగి 250 వోల్టుల ఏకాంతర విద్యుత్తు తగిలి మరణించాడు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. అంటే ప్రాణం తీయడానికి పెద్ద లైనే అక్కరలేదని ఆనాడే తేలింది. 1899లో జెనీవాలో ప్రెవో, బతెల్లి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కలపై పరిశోధించి, స్వల్పమైన షాకు కూడా గుండె జఠరికలను లయతప్పి వణికేలా చేస్తుందని చూపారు. దానినే నేడు ఫిబ్రిలేషన్ అంటున్నాము. వణికే గుండె రక్తాన్ని పంపలేదు; కొద్ది నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది.

ఎంత కరెంటు ప్రమాదకరమన్న ప్రశ్నకు కొలతలతో జవాబు వెదికినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్. పట్టుకున్న తీగను వదలగలిగే శక్తి సగటున పురుషులకు 16, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్ల వరకే ఉంటుందని ఆయన ప్రయోగాలు తెలిపాయి. ఆపై కండరాలు బిగుసుకుపోతాయి. నీటిలో ఉన్న మనిషి మోకాలి లోతులోనైనా లేవలేక మునిగిపోవచ్చు.

తడిసిన శరీరపు నిరోధం సుమారు 1,000 ఓములకు, ఒక్కొక్కసారి అంతకన్నా తక్కువకు పడిపోతుంది. అప్పుడు 230 వోల్టులు 230 మిల్లీ ఆంపియర్లను పంపగలవు. గుండె లయతప్పడానికి అందులో సగమైనా చాలు. మన స్విచ్చుబోర్డులోని 10 ఆంపియర్ల ఫ్యూజు కాపాడుతుందా? 10 ఆంపియర్లంటే 10,000 మిల్లీ ఆంపియర్లు. ఫ్యూజు తీగను కాపాడుతుంది, మనిషిని కాదు.

వైద్యునిగా మరొక మాట చెప్పాలి. నీటిలో షాకు తగిలినప్పుడు కరెంటు విశాలమైన తడి చర్మం గుండా ప్రవేశిస్తుంది గనుక ఒంటిమీద కాలిన మచ్చ కనబడకపోవచ్చు. అప్పుడు దానిని గుండెపోటనో, మునిగిపోవడమనో అనుకుంటారు. కారణం తెలియక మోటారు అలాగే తిరుగుతుంది. రక్షించడానికి దిగిన రెండవ మనిషి కూడా దానికి బలవుతాడు.

దీనికి విరుగుడు కూడా డాల్జియలే చూపాడు. 1961లో ఆయన రూపొందించిన పరికరం వెళ్లే కరెంటునూ తిరిగివచ్చే కరెంటునూ పోల్చి, కొద్దిపాటి తేడా రాగానే సరఫరాను తెంచివేస్తుంది. 1968లో అమెరికా విద్యుత్ నియమావళి ఈత కొలనుల్లోని నీటి అడుగు దీపాలకు దానిని తప్పనిసరి చేసింది. మన అంగళ్లలో ఆ కోవకు చెందిన పరికరం ఆర్‌సీసీబీ పేరుతో దొరుకుతుంది. మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది అడిగి తీసుకోవాలి. దానిమీది పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి పనిచేస్తున్నదో లేదో చూడాలి.

ఆ పరికరం ఉన్నా ఈ జాగ్రత్తలు మానరాదు. చెరువులోగాని తొట్టిలోగాని దిగే ముందు మెయిను కట్టివేయాలి. కేబులు అతుకులు నీటిలోను, తడిగట్టు మీదను పడి ఉండరాదు. మోటారుకూ స్టార్టరు పెట్టెకూ సరైన ఎర్తు ఉండాలి. తొట్టి దీపాలకు ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 12 వోల్టులే ఇవ్వాలి. ఆ ట్రాన్స్‌ఫార్మరు నీటికి దూరంగా ఉండాలి. గాలివానకు తెగిన తీగ నీటిలో పడితే ఆ దరిదాపులకు పోరాదు.

ఎవరైనా నీటిలో కూలిపోతే ముందుగా కరెంటు ఆపండి. అంతవరకు నీటిలో దిగవద్దు, వారిని తాకవద్దు. ఆపిన తరువాత గట్టుకు చేర్చి 108కి ఫోను చేయించండి. స్పృహ, మామూలు శ్వాస లేకుంటే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కండి. మునిగినవారికి నోటితో శ్వాస ఇవ్వడం తెలిస్తే అదీ ఇవ్వండి. ఛాతీని నొక్కే ఈ పద్ధతిని 1960లో ప్రకటించినవారిలో ఒకరైన కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాదు, విద్యుత్ ఇంజనీరు. కరెంటు కాటుకు మందు వెదుకుతూ వెళ్లి, ఆయన లోకానికంతటికీ ప్రథమ చికిత్స నేర్పాడు.

నీటిని మళ్లించడం మన సీమ ఏనాడో నేర్చింది. నీటిలో దిగే ముందు మెయిను కట్టడం కూడా అంతే అలవాటు కావాలి.