వెన్నుపాము స్టిమ్యులేటర్లు: చిక్కుల చరిత్ర

వెన్నుపామును కప్పిన పొర వెలుపల సన్నని ఎలక్ట్రోడ్ తీగలు అమర్చి, చర్మం కింద పెట్టిన బ్యాటరీతో స్వల్ప విద్యుత్తు పంపి దీర్ఘకాలిక నొప్పిని తగ్గించే పరికరం స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్. స్పర్శను మోసే నాడీతంతువులను ప్రేరేపిస్తే నొప్పి సంకేతం వెన్నుపాము దగ్గరే ఆగిపోతుందని 1965లో పరిశోధకులు రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. ఆ ఊహ ఆధారంగా 1967లో అమెరికా న్యూరోసర్జన్ నార్మన్ షీలీ ఒక క్యాన్సర్ రోగికి మొదటి పరికరం అమర్చారు. అప్పటి నుంచీ చిక్కులు ఈ చికిత్సను వెన్నంటే ఉన్నాయి. పరికరాలు మెరుగుపడ్డాయి గానీ, ఆ కష్టాలకు ఎదురుగా రోగికి ఎంత మేలు జరుగుతోందో నిక్కచ్చిగా తేల్చకుండానే దశాబ్దాలు గడిచాయి. ఈ చరిత్రలో పెద్ద లోపం అదే.

తరచు వచ్చే చిక్కు తీగ జరగడం. మనిషి వంగినప్పుడు, తిరిగినప్పుడు వెన్ను కదులుతుంది. తీగ కాస్త పక్కకు జరిగితే విద్యుత్తు చేరాల్సిన చోటికి చేరదు. సెట్టింగులు మార్చినా సర్దుకోకపోతే మళ్లీ ఆపరేషనే. తీగ విరగడం, బ్యాటరీ దగ్గర నొప్పి, ఇన్ఫెక్షన్ కూడా ఉంటాయి. వెన్నుపాము పక్కన రక్తం గడ్డకట్టి కాళ్లు పడిపోవడం అరుదే అయినా అన్నిటికన్నా భయంకరం. 2007లో వెలువడిన ప్రాసెస్ అనే అధ్యయనంలో ఏడాదిలోపు 32 శాతం మందికి పరికరం వల్ల చిక్కులొచ్చాయి. అదే అధ్యయనంలో ఆరు నెలలకు, పరికరం అమర్చినవారిలో 48 శాతం మందికి కాలినొప్పి కనీసం సగం తగ్గింది. మామూలు చికిత్సలో ఉన్నవారిలో 9 శాతం మందికే అలా తగ్గింది. ఇది చూస్తే చిక్కులు ఓర్చుకోదగ్గవే అనిపిస్తుంది. కానీ పాత తరహా పరికరం పనిచేస్తుంటే ఒంట్లో తిమ్మిరి తెలుస్తుంది. తనకు అసలు చికిత్స అందుతోందని రోగికి తెలిసిపోయాక, నమ్మకం తగ్గించిన నొప్పెంతో విద్యుత్తు తగ్గించిన నొప్పెంతో విడదీయలేం. తిమ్మిరి తెలియని పద్ధతులు వచ్చాకే ఆ పని సులువైంది. 2022లో ప్రచురితమైన నార్వే పరిశోధనలో, నడుము ఆపరేషన్ తర్వాత కాలినొప్పి మిగిలిన 50 మందికి అలాంటి ప్రేరణనూ ఉత్తుత్తి ప్రేరణనూ మార్చి మార్చి ఇచ్చారు. రోజువారీ పనులు చేసుకునే శక్తిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఒక చిన్న పరిశోధనతో, ఒకే రకం ప్రేరణతో మొత్తం చికిత్సను తోసిపుచ్చలేమన్న అభ్యంతరం సబబే. 2016 జూలై నుంచి 2020 జూలై వరకు ఈ పరికరాలపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు అందిన 1,07,728 నివేదికలు, వాటిలోని 497 మరణాలు కూడా పరికరమే కారణమని రుజువు చేయవు. మొత్తం ఎందరికి అమర్చారో వాటిలో ఉండదు. అయితే ఆ సందేహాన్ని పరికరానికి అనుకూలంగా వాడుకోకూడదు. ఇది ప్రాణం నిలిపే చికిత్స కాదు, ఉపశమనమే దీని ప్రయోజనం. అది ఉందని చూపాల్సిన బాధ్యత అమర్చేవారిదే. శాశ్వతంగా అమర్చే ముందు తాత్కాలిక తీగతో కొన్నాళ్లు పరీక్షించి, గుణం కనిపించినవారినే ఎంచుకుంటాం కదా అని వైద్యులు అంటారు. నార్వే పరిశోధనలో పాల్గొన్నవారూ అలాంటి పరీక్షలో నెగ్గినవారే.