చుండూరును నాటకంగా వినిపించాలంటే

చుండూరు మీద శ్రవ్య నాటకం చెయ్యాలనుకునేవాళ్లు ముందొక ప్రశ్నకు జవాబు చెప్పాలి. అందులో తేలాల్సిన రహస్యం ఏమిటి? మామూలు నేర నాటకంలో చంపిందెవరో చివరిదాకా దాస్తారు. చుండూరు దళితవాడ అది మొదటిరోజు నుంచీ చెబుతూనే ఉంది. తేలనిది కోర్టు కాగితాల్లోనే.

జరిగింది గుర్తు చేసుకుందాం. 1991 జులైలో సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు రెడ్డి యువకుడికి తగిలింది. అంతమాత్రానికే పెత్తందారీ కులాలు వాడను వెలివేశాయి. కూలిపనులు ఆగిపోయాయి. ఆగస్టు 6న పోలీసులు వాడలోకి రావడంతో మగవాళ్లు పొలాల్లోకి పరుగెత్తారు. అక్కడ మారణాయుధాలతో గుంపులు వెంటబడ్డాయి. 8 మంది దళితుల్ని చంపారు. కొందరి శవాలను గోనెసంచుల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు.

1989 నాటి అత్యాచార నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుందంటే అది ఉద్యమం పోరాడి సాధించింది. ఆ కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎవరు ఏ వేళకు, ఎక్కడ, ఎవరి చేతిలో చనిపోయారో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంది.

నాటకం పట్టుకోవాల్సింది ఇక్కడే. మా అమ్మలాంటి కూలి మనుషులు పొద్దును బట్టి వేళ చెబుతారు. ప్రాణభయంతో చేలో నక్కినవాడు గడియారం చూస్తాడా? చెవులకు తగిలించుకుని వినే నాటకంలో అడుగుల చప్పుడు వెనకనుంచి వస్తుంది, కేక ఒక పక్కనుంచి వస్తుంది, కంటికేమీ కనబడదు. ఆ తర్వాత వకీలు "టైమెంత?" అని అడగాలి. వింటున్న మనమూ జవాబు చెప్పలేం. సాక్షి అబద్ధమాడాడా, లేక ప్రశ్నే అతని బతుకుకు అందనిదా అన్నది అప్పుడు మనకే తెలిసొస్తుంది.

కూలి మనిషి మాట రికార్డుకెక్కేసరికి గుమాస్తా భాషవుతుంది. నాటకం దాన్ని మళ్లీ వాడ యాసలోకి తేవాలి. అంతేగానీ, చనిపోయినవాళ్ల నోట కల్పించిన మాటలు పెట్టకూడదు. నరికిన చప్పుళ్లతో వినేవాళ్లను ఝడిపించడం కళ కాదు, అమ్ముకోవడం.

తయారైన నాటకాన్ని హైదరాబాదు హాల్లో కాదు, ముందు ఆ కుటుంబాల దగ్గర, మృతులను పూడ్చిన రక్తక్షేత్రం దగ్గర వినిపించాలి. వాళ్లు "ఇట్టా కాదు" అంటే మార్చాలి. "వద్దు" అంటే ఆపెయ్యాలి.