పాలిమర్ పూత గల బంగారు నానోకణాలు: ఎక్స్-కిరణ పరిక్షేపణంతో పూత మందాన్ని నిర్ణయించడంలో ఊహలు, పరిమితులు

సారాంశం

పాలిఇథిలీన్ గ్లైకాల్ (పెగ్) పూత ఉన్న బంగారు నానోకణాలు ఉప్పునీటిలోనూ గడ్డకట్టకుండా నిలుస్తాయి. నీటిలో ఆ పూత ఎంత మందాన ఉబ్బి ఉందో తెలుసుకోవడానికి చిన్న కోణ ఎక్స్-కిరణ పరిక్షేపణాన్ని ఉపయోగిస్తున్నారు. ఈ పద్ధతి నేరుగా చూపేది దాదాపు బంగారాన్నే. పూత మందం కణాల మధ్య ఎడం నుంచి కొన్ని ఊహల మీద రాబట్టిన విలువ. ఆ ఊహలేమిటో, వాటిని ఎలా సరిచూడాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: బంగారు నానోకణాలు, పెగ్, పరిక్షేపణం, ఎలక్ట్రాన్ సాంద్రత, జాలకం

1. నేపథ్యం

ఎర్రటి బంగారు కొల్లాయిడ్లపై మైకేల్ ఫారడే 1857లో తన పరిశీలనలను ప్రకటించాడు. సిట్రేట్‌తో బంగారు లవణాన్ని క్షయకరించి కణాలను తయారుచేసే పద్ధతిని 1951లో టర్కెవిచ్ బృందం వివరించింది. సిట్రేట్ ఇచ్చే ఋణావేశం వల్ల కణాలు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి. ఉప్పు కలిపితే ఆ వికర్షణ బలహీనపడి కణాలు గుమిగూడుతాయి, ద్రావణం ఎరుపు నుంచి నీలానికి మారుతుంది. కొసన థయాల్ ఉన్న పెగ్ గొలుసులు గంధకం ద్వారా బంగారానికి అతుక్కుంటాయి. నీటిని పీల్చి ఉబ్బిన ఆ గొలుసుల పొర కణాలను దగ్గరకు రానివ్వదు. పూత ఎంతవరకు కాపాడుతుందన్నది దాని మందం, గొలుసుల సాంద్రతల మీద ఆధారపడుతుంది.

2. ఎక్స్-కిరణాలకు కనిపించేది

ఎక్స్-కిరణాలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. పరిసర ద్రవంతో పోల్చినప్పుడు కణంలో ఎలక్ట్రాన్ సాంద్రత ఎంత తేడాగా ఉందో, ఆ తేడా వర్గానికి అనుపాతంలో పరిక్షేపణ తీవ్రత ఉంటుంది. ఘన నానోమీటరుకు బంగారంలో సుమారు 4660, నీటిలో 334, పొడి పెగ్‌లో దాదాపు 368 ఎలక్ట్రాన్లుంటాయి. నీటితో బంగారానికి ఉన్న తేడా 4300 దాటితే, పెగ్‌కు ఉన్న తేడా 34 మాత్రమే. వర్గాలు తీసుకుంటే సమాన ఘనపరిమాణానికి బంగారం సంకేతం పెగ్ సంకేతానికి పదహారు వేల రెట్లు. పూత నీటితో ఉబ్బితే ఆ కాస్త తేడా ఇంకా తగ్గుతుంది. ఉప్పు కలిపితే పరిసర ద్రవపు సాంద్రత పెరిగి మరింత సన్నగిల్లుతుంది.

అందువల్ల పలుచని ద్రావణంలో తీసిన వక్రం బంగారు గుండు కొలతలనే చెబుతుంది. పరిక్షేపణ సదిశ పరిమాణాన్ని 'క్యూ' అందాం. గోళాకార కణానికి తీవ్రతలోని మొదటి కనిష్ఠం, 4.49ను వ్యాసార్థంతో భాగిస్తే వచ్చే క్యూ వద్ద పడుతుంది. 5 నానోమీటర్ల వ్యాసార్థానికి అది నానోమీటరుకు 0.9. కణాల పరిమాణాల్లో హెచ్చుతగ్గులుంటే ఈ కనిష్ఠాలు పూడిపోతాయి.

3. ఎడం నుంచి మందానికి

కణాలు క్రమంగా అమరినప్పుడు వాటి మధ్య దూరాన్ని పూత నిర్దేశిస్తుంది. పూత జాడ వక్రంలో కనిపించేది అక్కడే. అమెరికాలోని ఏమ్స్ లాబరేటరీ పరిశోధకులు 2017లో ప్రచురించిన పరిశోధనల్లో, పెగ్ పూత ఉన్న బంగారు కణాలు ఉప్పు ద్రావణాల ఉపరితలాన షడ్భుజ జాలకంగా అమరడాన్ని ఎక్స్-కిరణాలతో చూపారు. ఉప్పు అయాన్లు నీటిని తమవైపు లాక్కోవడంతో పెగ్‌కు నీటిలో ఇమడగలిగే గుణం తగ్గి, కణాలు ఉపరితలానికి చేరతాయి. షడ్భుజ జాలకంలో శిఖరాల క్యూ విలువలు 1, √3, 2, √7 నిష్పత్తిలో ఉంటాయి. 7.26ను మొదటి శిఖరపు క్యూతో భాగిస్తే పొరుగు కణాల కేంద్రాల మధ్య దూరం వస్తుంది.

లెక్కకు ఒక ఊహాత్మక నమూనాను తీసుకుందాం. కణం వ్యాసార్థం 5 నానోమీటర్లు, పెగ్ అణుభారం 5000, చదరపు నానోమీటరుకు ఒక గొలుసు. అప్పుడు కణానికి సుమారు 314 గొలుసులు. నీరు లేకుండా అవి 3.8 నానోమీటర్ల పొరగా సర్దుకుంటాయి. మొదటి శిఖరం 0.29 వద్ద ఉంటే కేంద్రాల మధ్య దూరం 25 నానోమీటర్లు. పూతలు ఒకదానికొకటి ఆనుకుని మాత్రమే ఉన్నాయనుకుంటే మందం 7.5 నానోమీటర్లు, అందులో నీటి వాటా సుమారు 70 శాతం.

అవే పూతలు 2 నానోమీటర్ల మేర ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయనుకుంటే మందం 8.5 నానోమీటర్లకు, నీటి వాటా 76 శాతానికి చేరుతాయి. శిఖరం మాత్రం చోటు మారదు. ఈ రెండు చిత్రాల్లో ఏది నిజమో శిఖరం స్థానం ఒక్కటే తేల్చలేదు.

4. సరిచూసే మార్గాలు

మొదటి మార్గం న్యూట్రాన్లు. సాధారణ నీటిలో భారజలాన్ని సుమారు 73 శాతం వరకు కలిపితే న్యూట్రాన్లకు బంగారం, ద్రవం ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు మిగిలే సంకేతం పెగ్‌దే. ఎక్స్-కిరణాలతో ఈ వెసులుబాటు లేదు. ఏ నీటి ద్రావణమూ బంగారపు ఎలక్ట్రాన్ సాంద్రతను అందుకోలేదు. మన దేశంలో ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ వద్ద ఎక్స్-కిరణ పరిక్షేపణానికి, ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ వద్ద న్యూట్రాన్ పరిక్షేపణానికి సదుపాయాలున్నాయి.

రెండోది, నమూనాను ఆరబెట్టి వేడిచేస్తూ బరువు తరుగుదలను కొలవడం. కాలిపోయిన పాలిమర్ బరువు తెలిస్తే, చదరపు నానోమీటరుకు ఎన్ని గొలుసులన్నది ఊహగా మిగలదు. మూడోది, ఒకే చోట పదేపదే కొలిచి వక్రం మారుతోందేమో చూడటం. తీవ్రమైన ఎక్స్-కిరణాలు నీటిలో పుట్టించే రాడికల్స్ పెగ్ గొలుసులను తెంచగలవు. ఆ మార్పును ఉప్పు ప్రభావంగా పొరబడే ప్రమాదం ఉంది.

5. ముగింపు

ఎక్స్-కిరణ పరిక్షేపణం కణాల మధ్య ఎడాన్ని ఎంతో కచ్చితంగా ఇస్తుంది. అంత కచ్చితత్వాన్ని పూత మందానికి ఆపాదించడం సరికాదు. ఫలితాలను ప్రకటించేటప్పుడు కొలిచిన ఎడాన్ని, లెక్కగట్టిన మందాన్ని వేర్వేరుగా ఇవ్వాలి. గొలుసుల సాంద్రత, ఉప్పు గాఢత, పూతలు చొచ్చుకుపోవడం గురించిన ఊహ మందం పక్కనే ఉండాలి. ఆ వివరాలు లేకపోతే, వేర్వేరు ప్రయోగశాలలు ఒకే తరహా కణాలకు ఇచ్చే మందాల మధ్య తేడా పూతలదో, లెక్క పద్ధతులదో చదువరికి తెలియదు.