తుక్కు తూకం నుంచి వేలం పాటకు

ఒక శతాబ్ద కాలంలో ఒకే రకం వస్తువు నాలుగు భిన్నమైన ధరలు చూడటం అరుదు. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో మోటారు వాహనానికి ఆ అనుభవం ఉంది. సంస్థానాల కాలంలో అది హోదా కోసం సముద్రాలు దాటించి తెప్పించుకున్న వస్తువు. లైసెన్సుల కాలంలో డబ్బు చేతిలో ఉన్నా ఏళ్ల తరబడి ఎదురుచూస్తే తప్ప దొరకని సరుకు. 1990ల తర్వాత కిలోల లెక్కన అమ్ముడుపోయిన పాత ఇనుము. ఇప్పుడు సేకరణకర్తలు ఊరూరా వాకబు చేసి వెతుక్కుంటున్న అపురూప వస్తువు. అయితే ఈ నాలుగో దశలో పెరిగిన ధర ప్రతి యజమానికీ లాభంగా మారడం లేదు. బండి అసలు రూపంలో నిలిచి ఉండటం, కాగితాలు సక్రమంగా ఉండటం, వాడకానికి రుజువులు ఉండటం అనే మూడు షరతులు నెరవేరిన చోటే ఆ ధర చేతికి అందుతుంది. మిగిలిన చోట్ల ధరతో పాటు పెరిగేవి ఖర్చు, బాధ్యత మాత్రమే.

వాడుకలో పాత కార్లన్నింటినీ వింటేజ్ అంటున్నా, బ్రిటిష్ సంప్రదాయం ప్రకారం 1919 నుంచి 1930 వరకు తయారైనవే ఆ కోవలోకి వస్తాయి. తర్వాతి కాలంలో తయారై, రూపకల్పన వల్లనో అరుదైనందువల్లనో ఆదరణ పొందినవి క్లాసిక్ కార్లు. పాత వాహనాల క్లబ్బులకు ప్రాతినిధ్యం వహించే అంతర్జాతీయ సమాఖ్య ఫివా, 30 ఏళ్లు దాటి, నిత్య రవాణాకు వాడకుండా, నాటి రూపంలోనే కాపాడుకుంటున్న వాటిని చారిత్రక వాహనాలుగా గుర్తిస్తుంది. భారత ప్రభుత్వం మాత్రం 2021 నాటి నిబంధనల్లో ఈ హద్దును 50 ఏళ్లుగా నిర్ణయించింది.

పాలమూరుకు పేరిచ్చిన నిజాం

పాలమూరు పట్టణానికి 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. ఆ పాలకుడే 1911లో రోల్స్ రాయిస్ కంపెనీకి సిల్వర్ గోస్ట్ కారు ఒకటి పురమాయించి, అది చేరకముందే అదే ఏడాది ఆగస్టులో మరణించగా, వాహనం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాద్ చేరింది. వెనుక భాగంలో సింహాసనాన్ని పోలిన ఆసనం అమర్చిన ఈ పసుపు రంగు కారును ఊరేగింపుల వంటి సందర్భాలకే పరిమితం చేయడం వల్ల అది చాలా తక్కువ మైళ్లు తిరిగి, నేటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో చూపరులను ఆకర్షిస్తోంది. ఎవరు చేయించారో స్పష్టంగా తెలియడం, తక్కువగా తిరగడం, తొలి రూపం చెదరకపోవడం అనే మూడు గుణాలనే ప్రపంచ విపణి నేడు అన్నిటికన్నా ఎక్కువగా లెక్కిస్తోంది.

నేటి పాలమూరు ప్రాంతంలో నిజాముకు లోబడి గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాల్‌పేట సంస్థానాలు ఉండేవి. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిపోవడం, 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దు కావడంతో భూమి శిస్తు మీద నడిచిన సంపన్న జీవితానికి ఆధారం పోయింది. కట్టడాలకు కొత్త ప్రయోజనం దొరికింది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ కళాశాల వెలసింది. పెట్రోలు విపరీతంగా తాగే దిగుమతి కార్లకు అటువంటి అవకాశం లేదు. దేశంలో తయారీకి సిద్ధపడిన కంపెనీలకే చోటు ఉండాలన్న 1953 నాటి ప్రభుత్వ నిర్ణయంతో అప్పటిదాకా విడి భాగాలు తెచ్చి ఇక్కడ కూర్చుతున్న ఫోర్డ్, జనరల్ మోటార్స్ వంటి సంస్థలు వెనుదిరిగాయి. దాంతో అమెరికన్ కార్లకు విడి భాగాలు దొరకడం కష్టమై, చిన్న మరమ్మతుకే బండి మూలపడే పరిస్థితి ఏర్పడి, వాటి ధర పడిపోయింది. 1964లో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక మొదలుపెట్టిన వింటేజ్ కార్ల ర్యాలీ, ఇలా మూలపడిన వాహనాలకూ విలువ ఉంటుందని దేశంలో కొద్దిమందికైనా తెలియజేసింది.

జీపులు, అంబాసిడర్లు

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాత వాహనం అంటే రోల్స్ రాయిస్ కాదు. మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విల్లీస్ నమూనాతో మొదలుపెట్టిన జీపు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా ఉత్తరపారాలో 1958 నుంచి తయారైన అంబాసిడర్, తర్వాత ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన ఫియట్, మద్రాసు బుల్లెట్, మైసూరులో తయారైన జావా, యెజ్డీ మోటారు సైకిళ్లే ఇక్కడి నిజమైన నిల్వ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ వంటి నిర్మాణాలకు, తారు రోడ్డు చేరని తండాలకు, గుట్టల దారులకు జీపు అవసరమైంది. అంబాసిడర్ అధికారికి, రాజకీయ నాయకుడికి, పెద్ద రైతుకు వాహనమైంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేవరకు దేశంలో కార్లు తయారుచేసే కంపెనీలను వేళ్ల మీద లెక్కించవచ్చు గనుక, వేచి ఉండే జాబితాలో ముందున్నవారు తమ వంతును అదనపు సొమ్ముకు వదులుకోవడం కూడా ఆనాటి ఆనవాయితీ. 1991 తర్వాత కొత్త కంపెనీలు వచ్చాక ఆ కొరత తీరిపోగా, అదే అంబాసిడర్ షెడ్డు వెనుకకు, అక్కడి నుంచి తుక్కు దుకాణానికి చేరింది. 2014 మేలో దాని తయారీ ఆగిపోగా, 2017లో ఆ పేరును మాత్రమే ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థకు రూ.80 కోట్లకు అమ్మారు.

వాతావరణం ఈ ప్రాంతపు బండ్లకు కొంత మేలు చేసింది. కోస్తా ఉప్పుగాలి, ఎడతెగని తేమ లేని ఈ మెట్ట నేలల్లో రేకుకు తుప్పు నెమ్మదిగా పడుతుంది. వేసవి ఎండకు రబ్బరు, తోలు, రంగు మాత్రం త్వరగా పాడవుతాయి. అయితే వాతావరణం కాపాడిన దాన్ని అవసరం మార్చేసింది. పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది జీపులకు, అంబాసిడర్లకు పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ బిగించుకున్నారు. సీట్లు పెంచి, పైకప్పు మార్చి జనాన్ని ఎక్కించే బండ్లుగా చేశారు. బతుకుతెరువు కోసం చేసిన ఆ తెలివైన మార్పే నేడు సేకరణకర్త దృష్టిలో లోపంగా మారింది.

ఇనుము కన్నా కాగితం

2021 జులైలో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వాణిజ్యానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఇస్తారు. చాసిస్, అంటే బండి భారమంతా మోసే కింది చట్రం, బాడీ, ఇంజన్ మార్చి ఉండరాదన్నది ఇందులో కీలకం గనుక డీజిల్ ఇంజన్ ఎక్కించిన జీపు ఇక్కడే ఆగిపోతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు రూ.5,000 చెల్లించాలి. కొత్తగా నమోదయ్యే వాటికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. ఇప్పటికే నమోదైన బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు. ఈ గుర్తింపు పొందిన వాహనాన్ని ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డు మీదికి తీసుకురావాలి. నిత్యం వాడుకోవాలంటే మామూలు మార్గంలో రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును రూ.5,000 నుంచి రూ.10,000కు పెంచారు.

దీని ఫలితంగా ఆర్సీ పుస్తకం విలువ కొన్నిసార్లు బండి విలువను మించిపోతోంది. మూడక్షరాల పాత నంబరున్న బండి తాతగారి పేరు మీదే ఉండిపోయి, వారసులు అన్నదమ్ములుగా విడిపోయి, 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల విభజనతో రవాణా కార్యాలయం కూడా మారిపోయిన కుటుంబంలో, పేరు మార్పిడికి వారసత్వ ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకారం కావాలి. తుక్కు ధర పలికినప్పుడు ఎవరూ అడగని వాటా, ధర పెరిగిన తర్వాత అందరికీ గుర్తుకొస్తుంది. ఇంజన్, చాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోలకపోతే కొనేవారు వెనక్కి తగ్గుతారు.

లాభం మీద పన్ను

ఆదాయపు పన్ను చట్టం సొంత వాడకంలో ఉన్న చరాస్తులను మూలధన ఆస్తిగా పరిగణించదు గనుక, వాటిని అమ్మితే వచ్చే లాభానికి సాధారణంగా పన్ను ఉండదు. పాత కారు కూడా ఈ మినహాయింపులోకే వస్తుందని చాలామంది భావిస్తారు. 1931 మోడల్ ఫోర్డ్ టూరర్‌ను 1983లో రూ.20 వేలకు కొని, తర్వాత రూ.21 లక్షలకు అమ్మిన ఒక యజమాని కేసులో బొంబాయి హైకోర్టు 2025లో భిన్నమైన తీర్పునిచ్చింది. కారు సొంతానికి వాడటానికి పనికొస్తే చాలదనీ, నిజంగా వాడినట్లు రుజువు చూపాలనీ, ఆ రుజువు లేనందున లాభం పన్నుకు లోబడుతుందనీ తేల్చింది. షెడ్డులో కప్పి ఉంచి ధర కోసం ఎదురుచూసే వారికి ఈ తీర్పు హెచ్చరిక. పెట్రోలు బిల్లులు, మరమ్మతు రసీదులు, బీమా పత్రాలు భద్రపరచిన వారికి రక్షణ.

బీమాలోనూ ఇదే చిక్కు. కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తాన్ని బండి వయసును బట్టి తగ్గిస్తూ పోవడం సాధారణ పద్ధతి. అయిదేళ్లు దాటిన వాహనాలకు ఆ మొత్తాన్ని యజమాని, కంపెనీ పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలి. నేటి విలువను రాతపూర్వకంగా ఒప్పుకోని బీమాతో, ప్రమాదం జరిగితే పాత లెక్కనే పరిహారం అందుతుంది.

ప్రపంచ వార్తలు చూసి ఆశలు పెంచుకోవడమూ ప్రమాదమే. 2022 మేలో 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కూపే 13.5 కోట్ల యూరోలకు అమ్ముడుపోయి రికార్డు సృష్టించింది. ఆ నమూనాలో తయారైనవి రెండే. లక్షల్లో తయారైన అంబాసిడర్‌కు ఆ కొలత వర్తించదు. పైగా నైట్ ఫ్రాంక్ సూచీ ప్రకారం 2023లో క్లాసిక్ కార్ల ధరలు సగటున 6 శాతం తగ్గాయి కూడా. బంగారంలా తూచి చెప్పే ధర దీనికి ఉండదు. కొనేవాడు దొరికిన రోజున, వాడు ఒప్పుకున్నదే ధర.

అందువల్ల నల్లగొండ, పాలమూరు యజమానులకు మొదటి పని మెరుగులు దిద్దడం కాదు. కొత్త రంగు పూసి, కొత్త సీట్లు వేసి చేసే ఆడంబరపు మరమ్మతు చాలాసార్లు అసలు రూపాన్ని చెరిపి విలువను తగ్గిస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్లు కాపాడటమే మేలన్నది ఫివా కూడా బోధించే సూత్రం. ఆర్సీలో పేరు సరిచేయించుకోవడం, తీసి పక్కన పెట్టిన పాత ఇంజన్ ఇంకా ఉంటే తుక్కుకు వేయకుండా దాచడం, కుటుంబంలో వాటాల మాట ముందే తేల్చుకోవడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. అమ్మినా, ఉంచుకున్నా, వీటిని చేసిన యజమానికే పెరిగిన ధర అక్కరకు వస్తుంది.