కోరమాండల్ చేతిరంగుల పటాలు: కొనేముందు

తంజోంగ్ పగార్‌లో ఇవాళ ఆఫీసు టవర్లున్న పరిసరాల్లో 19వ శతాబ్దం మొదటి సగంలో జాజికాయ తోటలుండేవి. డక్స్‌టన్ కొండమీది డాక్టర్ మాంట్‌గొమరీ తోట వాటిలో ఒకటి. ఆ గుర్తుగా జాజికాయ పాత పటమొకటి ఇంట్లో పెట్టుకోవాలని ముచ్చటపడే మనవాళ్ళున్నారు. మంచిదే. అయితే ఇదే కోవలో తెలుగునేలమీద గీసిన బొమ్మల పటాలూ ఉన్నాయని చాలామందికి తెలియదు.

సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు గీయించి లండన్ పంపాడు. వాటిలో 300 బొమ్మలు ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే మూడు సంపుటాలుగా 1795-1820 మధ్య వెలువడ్డాయి. విశాఖపట్నంలో ఉండివెళ్ళిన పాట్రిక్ రస్సెల్ 1796లో పాముల గ్రంథం, 1803లో చేపల గ్రంథం ప్రచురించాడు. రక్తపింజరకు ఆయన రాసుకున్న పేరు ‘కాటుక రేకుల పొడ’! బొమ్మలు గీసినవాళ్ళ పేర్లు మాత్రం పటాలమీద లేవు.

ఈ పటాల్లో గీతలు రాగిరేకుతో అచ్చువేసినవి. రంగు ఒక్కో కాగితానికీ కుంచెతో అద్దినది. అందుకే ఏ రెండు ప్రతులూ ఒకేలా ఉండవు. భూతద్దంలో చూస్తే రంగు అక్కడక్కడ గీత దాటి ఉంటుంది. సన్నని చుక్కలు వరసగా కనిపిస్తే అది ఆధునిక ముద్రణే.

అసలు చిక్కు పాత అచ్చుకు కొత్త రంగు. రస్సెల్ చేపలు సాధారణంగా రంగుల్లేకుండానే వచ్చాయి. విశాఖ చేప ధగధగలాడుతూ కనిపిస్తే ‘ఈ రంగు ఎప్పటిది?’ అని అడిగి, జవాబును రసీదుమీద రాయించుకోండి. కొత్తగా రంగు వేయడం తప్పుకాదు, పాతరంగు ధరకు అమ్మడమే అన్యాయం.

విడిపటం దొరికిందంటే ఎక్కడో ఒక పుస్తకం విడిపోయిందన్నమాట. రాక్స్‌బర్గ్ గ్రంథంలో మొక్కల తెలుగు పేర్లున్నది వివరణ పుటల్లో. పటం కోసం పుస్తకం చీల్చితే ఆ పేరు బొమ్మకు దూరమవుతుంది. ఎప్పుడో విడిపోయినవాటి సంగతి వేరు. నిండు సంపుటాన్ని ఇప్పుడు చీల్చి అమ్మేవారివద్ద కొనకపోవడమే మేలని నా అభిప్రాయం. పటంతోపాటు వివరణ పుట కూడా దొరికితే వదలకండి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఈ గ్రంథం ఉచితంగా చూడవచ్చు, కొనబోయే పటాన్ని దానితో పోల్చుకోండి.

సింగపూర్ తేమకు కాగితంమీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. ఆమ్లంలేని అట్ట, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వాడి, ఎండపడని లోపలిగోడకు తగిలించండి. సెలవులకు ఇండియా వెళుతూ ఏసీ ఆపేస్తే, తిరిగిరాగానే ఫ్రేము వెనక బూజు పట్టిందేమో చూసుకోవాలి.